పాలలో పంచదార: ఒంటికి ఎంత, కండకు ఎంత?

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం మహాజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మహాజన సభ అంటే జమాఖర్చులు, బోనసు, దాణా ధర, పశువైద్యం వంటి విషయాలు చర్చకు రావడం సహజం. వాటి మధ్య కొంచెం సమయం తీసుకుని పంచదార గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. పాల సంఘంలో పంచదార ప్రసక్తి ఏమిటని మీకు అనిపించవచ్చు. మన ఇళ్ళలో పాలు పంచదార లేకుండా గ్లాసులోకి రావడం అరుదు. అందుచేత పాల సంగతి మాట్లాడితే పంచదార సంగతీ మాట్లాడవలసిందే.

ఈ రోజుల్లో ప్రతి ఊళ్ళోనూ రెండు కోరికలు కనిపిస్తున్నాయి. పోలీసు ఉద్యోగానికో సైన్యానికో తయారవుతున్న కుర్రవాళ్ళు ఒళ్ళు గట్టిపడాలని, కండ పట్టాలని కోరుకుంటున్నారు. నలభై దాటిన వారిలో చాలామంది బరువు తగ్గాలని కోరుకుంటున్నారు. కుర్రవాడికి చెప్పేవారు, "పాలలో నాలుగు చెంచాల పంచదార వేసుకుని తాగరా, బలం వస్తుంది" అంటారు. లావు తగ్గాలనే అక్కకు చెప్పేవారు, "పంచదార ఒక్కటి మానెయ్యమ్మా, మిగతాది అదే తగ్గుతుంది" అంటారు. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజముంది, కొంత పొరపాటుంది. ఏది ఎంతవరకు నిజమో తెలుసుకుంటే డబ్బూ మిగులుతుంది, ఒళ్ళూ బాగుపడుతుంది.

లాక్టోమీటరు నేర్పే పాఠం

ముందుగా మనకు బాగా తెలిసిన సంగతితో మొదలుపెడతాను. పాలలో నీళ్ళు కలిస్తే లాక్టోమీటరు దిగిపోతుంది. ఆ సంగతి కప్పిపుచ్చడానికి ఎవరైనా పంచదార కలిపితే, లాక్టోమీటరు మళ్ళీ పైకి లేస్తుంది. చూసేవారికి పాలు చిక్కగా ఉన్నట్టే కనిపిస్తాయి. వెన్న మాత్రం ఒక్క పాయింటు కూడా పెరగదు, మాంసకృత్తులూ పెరగవు. డెయిరీలో రిసార్సినాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి వేడి చేసినప్పుడు ఎర్రరంగు తేలితే పంచదార బయటపడుతుంది. ఆ పాలను కల్తీ పాలని తిరగ్గొడతారు.

మన ఒంటి విషయమూ ఇంచుమించు ఇలాంటిదే. పంచదార ఎక్కువగా తింటే తూకం మీద బరువు పెరగవచ్చు. పెరిగినది కండా, కొవ్వా అన్నది తూకం చెప్పదు. కుర్రవాడు నెలలో నాలుగు కిలోలు పెరిగానని సంతోషిస్తే, అందులో కండ ఎంతో చూడాలి. అక్క వారంలో రెండు కిలోలు తగ్గానని సంతోషిస్తే, తగ్గినది కొవ్వా, నీరా చూడాలి.

పంచదారలో ఏముంది, పాలలో ఏముంది?

పంచదార పూర్తిగా పిండిపదార్థమే. గ్రాముకు 4 కేలరీల శక్తి ఇస్తుంది. అంతకు మించి మాంసకృత్తులు లేవు, సున్నం లేదు, విటమిన్లు లేవు. మన ఇళ్ళలో చెంచా నిండుగా తీస్తాం కనుక, చెంచాకు 5 గ్రాములని అనుకుందాం. అంటే చెంచాకు 20 కేలరీలు.

పాల విషయం మీ చేతిలోని చీటీయే చెబుతుంది. గేదె పాలకు వెన్న 6.5, వెన్న కాని ఘనపదార్థాలు 9 అని వచ్చిందనుకోండి. ఆ 9లో ఇంచుమించు సగం పాలలో పుట్టుకతో ఉండే చక్కెర. మిగిలినదానిలో చాలావరకు మాంసకృత్తులు, కొద్దిగా లవణాలు. ఆ లవణాలలోనే ఎముకకు కావలసిన సున్నం ఉంటుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసుడు గేదె పాలలో సుమారు 13 గ్రాముల కొవ్వు, 10 గ్రాముల పాలచక్కెర, 7 నుంచి 8 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మొత్తం మీద సుమారు 190 కేలరీలు.

ఇక్కడ ఒక సందేహం తీర్చాలి. పాలలోనే చక్కెర ఉన్నప్పుడు అదీ చెడ్డదేనా అని అడుగుతారు. కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర గురించి సలహా ఇచ్చినప్పుడు, పాలలోనూ, పండ్లు కూరగాయలలోనూ సహజంగా ఉండే చక్కెరను లెక్కలోకి తీసుకోలేదు. మనం పైనుంచి వేసుకునే పంచదార, బెల్లం, తేనె, సీసాలలో అమ్మే పండ్ల రసాలు, తీపి పానీయాలు, ఇవే లెక్కలోకి వస్తాయి. ఇలా చేరే చక్కెర రోజు మొత్తం శక్తిలో పదో వంతుకు మించకూడదనీ, ఇరవయ్యో వంతుకు తగ్గిస్తే ఇంకా మేలనీ ఆ సంస్థ చెప్పింది. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి పదో వంతు అంటే 50 గ్రాములు, పది చెంచాలు. ఇరవయ్యో వంతు అంటే 25 గ్రాములు, అయిదు చెంచాలు.

పది చెంచాలు ఎవరు తింటారని అనుకోవద్దు. రోజుకు అయిదు టీలు, టీకి రెండు చెంచాలు చొప్పున వేసుకుంటే పది చెంచాలు అక్కడే అయిపోయాయి. మిఠాయి, బిస్కట్లు, కూల్‌డ్రింకు ఇంకా లెక్కలోకి రానే లేదు. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు సీసాలో సుమారు 25 గ్రాముల చక్కెర ఉంటుంది. ఒక్క సీసాతో అయిదు చెంచాలు లోపలికి వెళ్ళిపోతాయి.

ఇంటి లెక్క తేల్చుకోవడం సులభం. నెలకు ఎంత పంచదార కొంటున్నారో చూడండి. దానిని ఇంట్లో మనుషుల సంఖ్యతోనూ, ముప్పయి రోజులతోనూ భాగించండి. అయిదుగురున్న ఇంటికి నెలకు 6 కిలోలు వస్తున్నదంటే, మనిషికి రోజుకు 40 గ్రాములు. మన సంఘం పుస్తకం రాసే వారికి ఇది పెద్ద లెక్క కాదు.

కండ పెంచాలనే కుర్రవాళ్ళకు

ఇప్పుడు వెనుక వరుస కుర్రవాళ్ళతో మాట్లాడతాను. తమ్ముళ్ళూ, కండ పెరగడానికి మూడు కావాలి. మొదటిది కసరత్తు. కండరానికి బరువు పని చెప్పాలి, ఆ పని వారం వారం కాస్త పెంచుతూ పోవాలి. రెండవది చాలినంత మాంసకృత్తులు. మూడవది చాలినంత తిండి, నిద్ర. ఈ మూడింటిలో పంచదార పేరు ఎక్కడా లేదు.

అయితే పిండిపదార్థాలు అక్కరలేదని కాదు. మనం తిన్న అన్నం, రొట్టె, పంచదార, అన్నీ కడుపులో అరిగి చక్కెరగా మారి రక్తంలో కలుస్తాయి. అందులో కొంత గ్లైకోజెన్ అనే రూపంలో దాచిపెట్టబడుతుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలలో 300 నుంచి 500 గ్రాముల దాకా ఈ నిలువ ఉంటుంది. పరుగు తీసేటప్పుడు, బరువులెత్తేటప్పుడు ఖర్చయ్యేది ముఖ్యంగా ఇదే. గరిసెలో ధాన్యంలాగా దీన్ని ఎప్పటికప్పుడు నింపుకోవాలి. రెండు పూటలా అన్నం, పప్పు, జొన్నరొట్టె తినేవారికి ఆ గరిసె దానంతటదే నిండుతుంది. దానికోసం ప్రత్యేకంగా పంచదార బుక్కనవసరం లేదు.

1600 మీటర్ల పరుగుకు ముందు గ్లూకోజు పొడి నోట్లో పోసుకునే అలవాటు మైదానాలలో కనిపిస్తుంది. ఆ పరుగు కొద్ది నిమిషాలలో ముగిసిపోతుంది. రాత్రి కడుపునిండా తిన్నవాడికి ఒంట్లో ఉన్న నిలువ దానికి ఎన్నో రెట్లు చాలు. గంటకు పైగా ఆగకుండా కష్టపడేవారికి, పొద్దున, సాయంత్రం రెండుసార్లు గట్టి సాధన చేసేవారికి త్వరగా అరిగే తీపి కొంత ఉపయోగపడుతుంది. వారికి కూడా ఒక అరటిపండు ఆ పని చేసిపెడుతుంది.

పంచదారతో పోలిస్తే పాలు కండకు ఎంత మేలు అన్నది పరీక్షించి చూసినవారున్నారు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వారు 56 మంది యువకులకు 12 వారాలపాటు, వారానికి అయిదు రోజులు బరువుల కసరత్తు చేయించారు. ప్రతిసారీ కసరత్తు కాగానే ఒక జట్టుకు వెన్న తీసిన పాలు, రెండో జట్టుకు సోయా పానీయం, మూడో జట్టుకు అంతే శక్తినిచ్చే పిండిపదార్థపు పానీయం ఇచ్చారు. 2007లో ప్రకటించిన ఫలితాలలో కండ అన్నిటికంటె ఎక్కువగా పెరిగినది పాలు తాగిన జట్టుకే. మూడు జట్లూ ఒకే కసరత్తు చేశాయి. గ్లాసులో ఏముందన్నదే తేడా తెచ్చింది. గుర్తుంచుకోండి, వారు తాగినది వెన్న తీసిన పాలు. కండకు పనికివచ్చినది వెన్న కాదు, పాలలోని మాంసకృత్తులు.

మరి మాంసకృత్తులు ఎంత కావాలి? మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలని, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాలు చెబుతున్నాయి. 65 కిలోల పురుషునికి ఇది 54 గ్రాములు అవుతుంది. బరువుల కసరత్తు చేసేవారికి కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా ఉంటే సరిపోతుంది. 60 కిలోల కుర్రవాడికి 72 నుంచి 96 గ్రాములు.

ఇది ఇంటి తిండిలో వస్తుందా అని అనుమానం వద్దు. రోజుకు 400 గ్రాముల బియ్యం అన్నంలో సుమారు 28 గ్రాములు, 75 గ్రాముల కందిపప్పులో 16 గ్రాములు, అరలీటరు పాలలోగాని అంతే పాలతో తోడేసిన పెరుగులోగాని 19 గ్రాములు, రెండు గుడ్లలో 12 గ్రాములు, గుప్పెడు వేరుశనగ పప్పులో, అంటే 30 గ్రాములలో, 7 గ్రాములు. అన్నీ కూడితే 82 గ్రాములు. గుడ్డు తినని ఇంట్లో మరో పావులీటరు పెరుగు, మరో చారెడు శనగలు చేర్చుకుంటే లోటు తీరుతుంది.

డబ్బాలలో అమ్మే పొడుల గురించి కూడా చెప్పాలి. పాల నుంచి చీజు తీశాక మిగిలే తేటనీటిలోని మాంసకృత్తులను ఎండబెట్టి, "వే ప్రోటీన్" అని అమ్ముతారు. అంటే అది పాలలోని పదార్థమే. ఒక ఇంట్లో పూటకు పాలన్నీ సంఘానికి పోసి, బిల్లు రాగానే ఆ డబ్బుతో డబ్బా కొని, అందులోని పొడిని నీళ్ళలో కలుపుకుని తాగితే ఆ ఇంటికి లాభమా, నష్టమా మీరే ఆలోచించండి. కండలు పెంచడం కోసం ఇలాంటి పొడులు వాడవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనలలో స్పష్టంగా చెప్పింది. బరువు పెంచుతామని అమ్మే పొడులలో చాలావాటిలో చక్కెరో, చక్కెరవంటి పిండిపదార్థమో ఎక్కువ పాలు ఉంటుంది. ప్యాకెట్టు వెనుక పదార్థాల పట్టిక చూడండి. ఏది ఎక్కువ బరువు ఉంటే దాని పేరు ముందు రాయాలన్నది నియమం. మొదటి రెండు పేర్లలో చక్కెర ఉంటే, మీరు కొంటున్నది ముఖ్యంగా చక్కెరే. పిల్లల పాలలో కలిపే పొడులకూ ఇదే పరీక్ష పెట్టండి.

బక్కగా ఉండి బరువు పెరగవలసిన వారికి మాత్రం పాలలో ఒక చెంచా పంచదార పాపం కాదు. తిండి చాలని మనిషికి శక్తి ఎక్కడినుంచి వచ్చినా మంచిదే. అయితే నాలుగు చెంచాల పంచదార కంటె మరో గ్లాసు పాలు, మరో గరిటె పప్పు ఎక్కువ మేలు చేస్తాయి. నెలకు నాలుగైదు కిలోలు పెరగాలని తొందరపడవద్దు. అంత త్వరగా పెరిగే బరువులో కండ పాలు తక్కువ, కొవ్వు పాలు ఎక్కువ.

బరువు తగ్గాలనే వారికి

ఇప్పుడు రెండో కోరిక. బరువు తగ్గాలంటే ఖర్చయ్యేదానికంటె తినేది తక్కువగా ఉండాలి. ఇందులో మర్మం ఏమీ లేదు. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు దాగి ఉంటాయి. రోజుకు పది చెంచాల పంచదార, అంటే 200 కేలరీలు మానేసి, దాని బదులు మరేమీ తినకపోతే, 38 రోజుల్లో ఒక కిలో తగ్గాలి. ఇది కాగితం మీది లెక్క. ఒళ్ళు తేలికయ్యేకొద్దీ దానికి అయ్యే ఖర్చూ తగ్గుతుంది కనుక, నెలలు గడిచేకొద్దీ తగ్గుదల నెమ్మదిస్తుంది. అయినా దారి సరైనదే.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వారు స్థూలకాయులైన స్త్రీలను రెండు జట్లు చేసి, ఆరు వారాలపాటు రోజుకు సుమారు 1,100 కేలరీల తిండి కొలిచి పెట్టారు. ఒక జట్టు తిండిలో నూటికి 43 వంతుల శక్తి పంచదార నుంచి, రెండో జట్టులో నూటికి 4 వంతులు మాత్రమే. ఫలితం 1997లో ప్రకటించారు. రెండు జట్లూ ఇంచుమించు సమానంగానే తగ్గాయి. అంటే పంచదారలో ఒళ్ళు పెంచే ప్రత్యేకమైన విషమేదీ లేదు. మొత్తం తిండే బరువును నిర్ణయిస్తుంది.

అలాగైతే పంచదార తినవచ్చు కదా అంటారా? ఆ పరీక్షలో ప్రతి ముద్దా కొలిచి పెట్టారు. మన ఇంట్లో కొలిచేవారెవరు? టీలోని పంచదార కడుపు నింపదు. టీ తాగామని ఎవరూ ఒక ముద్ద అన్నం తగ్గించరు. అదనపు శక్తి గుట్టుచప్పుడు కాకుండా చేరిపోతుంది. రెండో కారణం ఇంకా పెద్దది. తగ్గాలనే మనిషి తిండి కొద్దిగా ఉంటుంది. ఆ కొద్ది తిండిలోనే మాంసకృత్తులు, సున్నం, ఇనుము అన్నీ రావాలి. ఏమీ లేని పంచదారకు అందులో చోటిస్తే, పాలకూ పప్పుకూ చోటు తగ్గుతుంది. తిండి తగ్గించి, మాంసకృత్తులూ తగ్గించి, ఒళ్ళు కదల్చకపోతే, కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది. అలా తగ్గిన మనిషికి నీరసం వస్తుంది, మెట్లెక్కితే కాళ్ళు పీకుతాయి. ఆనక మళ్ళీ బరువు పెరిగినప్పుడు పెరిగేది కొవ్వే. కనుక తగ్గేవారు సైతం పాలు, పెరుగు, పప్పు మానకూడదు. వారానికి రెండు మూడు రోజులైనా కాళ్ళకు, చేతులకు బరువు పని చెప్పాలి.

పంచదార, అన్నం రెండూ ఒక్కసారిగా మానేసి మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గానని చెప్పేవారిని మీరూ చూసి ఉంటారు. నేను చెప్పిన గ్లైకోజెన్ ఒక్కొక్క గ్రాము తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నిలువ ఖాళీ కాగానే నీరు పోతుంది. తిరిగి అన్నం తినగానే నీరు వచ్చేస్తుంది. దీన్ని చూసి పొంగిపోవద్దు, తిరిగి వచ్చిందని దిగులుపడవద్దు. నెలకొకసారి, ఒకే తూకం మీద, ఒకే వేళకు చూసుకుంటే నిజం తెలుస్తుంది. నడుము కొలత కూడా చూసుకోండి.

పాలు తాగితే లావవుతామా అని అక్కలు అడుగుతారు. దాచకుండా చెబుతాను. గ్లాసుడు గేదె పాలలో వెన్నవల్ల వచ్చే శక్తి, అందులో వేసే రెండు చెంచాల పంచదారకంటె ఎక్కువే. తగ్గవలసినవారు పంచదార ఒక్కటే మాని, మీగడతో పాలు, గరిటెడు నెయ్యి అలాగే తింటుంటే లెక్క తేలదు. దీనికి ఉపాయం మీ ఇంట్లోనే ఉంది. పాలు కాచి చల్లార్చి మీగడ తీసెయ్యండి. ఒకసారి తీస్తే వెన్న అంతా పోదు కనుక, రెండోసారి కూడా తీయండి. వెన్న ఒక శాతానికి దిగిన పాలలో గ్లాసుకు సుమారు 90 కేలరీలే ఉంటాయి. మాంసకృత్తులు, సున్నం మాత్రం గ్లాసులోనే ఉంటాయి. చిలికి వెన్న తీసిన మజ్జిగ అంతకంటె తేలిక. ఎండాకాలంలో కూల్‌డ్రింకు బదులు ఉప్పు, కరివేపాకు వేసిన మజ్జిగ ఇస్తే ఇంటికీ మంచిది, సంఘానికీ మంచిది.

పంచదార బదులు బెల్లం వాడితే తగ్గుతారా అన్నది తరచు వచ్చే మరో ప్రశ్న. అనకాపల్లి బెల్లమైనా, ఊళ్ళో వండిన బెల్లమైనా, 100 గ్రాములకు సుమారు 380 కేలరీలు ఇస్తుంది. పంచదార 400 ఇస్తుంది. తేడా అంతే. బెల్లంలో కొద్దిగా లవణాలున్న మాట నిజమే గాని, ఆ కొద్దికోసం ఎక్కువ తినడం లాభం కాదు. ఇక కేలరీలు లేని తీపి బిళ్ళల సంగతి. బరువు తగ్గడం కోసం వాటిమీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సలహా ఇచ్చింది. నాలుకకు తీపి తగ్గించడం నేర్పడమే నిలిచే మార్గం.

మధుమేహం ఉన్నవారికి ఒక హెచ్చరిక. మన దేశంలో 20 ఏళ్ళు దాటిన వారిలో నూటికి 11 మందికి పైగా ఈ జబ్బు ఉన్నదని 2023లో వెలువడిన జాతీయ సర్వే తేల్చింది. కనుక ఈ సభలోనూ ఉండి ఉంటారు. పంచదార తగ్గించడం వారికి మంచిదే. అయితే ఇన్సులిన్ సూదిమందు గాని, చక్కెర దించే మాత్రలు గాని వాడేవారు డాక్టరుగారితో చెప్పకుండా తిండి ఒక్కసారిగా కోసెయ్యకూడదు. చక్కెర మరీ పడిపోతే చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం వస్తాయి. అప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి వెంటనే తాగించాలి. ఆ సమయంలో పంచదారే మందు.

ఎలా తగ్గించాలి?

ఒక్కరోజులో మానాలంటే ఇంట్లో గొడవే మిగులుతుంది. రెండు చెంచాలు వేసుకునేవారు మొదటి రెండు వారాలు ఒకటిన్నర వేసుకోండి. తరువాత రెండు వారాలు ఒకటి. ఆ తరువాత అర. నాలుక నెమ్మదిగా అలవాటు పడుతుంది. కమ్మని గేదె పాలకు తమ తీపి తమకుంది. పంచదార ఎక్కువై ఆ రుచిని మనం మరిచిపోయాం.

ఇంకొక చిక్కు టీ గిన్నెలో ఉంది. పాలు, టీపొడి, పంచదార అన్నీ ఒకే గిన్నెలో వేసి మరిగిస్తాం. ఎవరికి ఎంత కావాలో ఎంచుకునే వీలు లేదు. చెమటోడ్చి పొలం నుంచి వచ్చిన మనిషికీ, మధుమేహం ఉన్న పెద్దమ్మకూ, అయిదేళ్ళ పిల్లకూ ఒకే తీపి. టీ తీపి లేకుండా కాచి, పంచదార పక్కన పెడితే ఎవరికి తగినది వారు వేసుకుంటారు. ఈ మార్పుకు పైసా ఖర్చు లేదు.

సంఘానికి నా మనవి

చివరగా పాలకవర్గానికి రెండు మనవులు. మొదటిది, మన సంఘం కార్యాలయంలోనూ, సమావేశాలలోనూ ఇచ్చే టీ తీపి లేకుండా కాచి, పంచదార గిన్నె పక్కన పెట్టించండి. సంఘంలో మొదలైన అలవాటు ఇళ్ళకు పాకుతుంది. కొత్త దాణా వాడకమూ, కృత్రిమ గర్భధారణ సూదీ ఇలాగే ఊళ్ళోకి వచ్చాయి.

రెండవది ముఖ్యమైనది. బిల్లు పెరగాలన్న ఆశతో చివరి చెంబు పాలు కూడా కేంద్రానికి తెచ్చి పోసే ఇళ్ళున్నాయి. ఆ ఇంటి పిల్లలు పంచదార ఎక్కువ, పాలు తక్కువ ఉన్న టీ తాగి బడికి వెళుతున్నారు. గేదెకు గడ్డి కోసేది, నీళ్ళు పెట్టేది, పాలు పితికేది ఆ ఇంటి ఇల్లాలు. ఆమె గ్లాసులో పడేది ఆఖరి బొట్టు. పాలు పోయవద్దని నేను అనడం లేదు. పోసే పాలతోనే ఈ సంఘం నడుస్తున్నది. కాని పాలు పితికిన వెంటనే, కేంద్రానికి బయలుదేరకముందే, ఇంట్లో ప్రతి మనిషికి గ్లాసు చొప్పున కొలిచి పక్కన పెట్టండి. మిగిలినది పోయండి. పంచదార తగ్గించినందువల్ల మిగిలే డబ్బుతో ఆ పాల ఖరీదులో కొంతైనా తిరిగి వస్తుంది. ఇంటి మనుషుల బలంలో మిగతాది వస్తుంది.

కండ పెంచాలనే తమ్ముడికీ, బరువు తగ్గాలనే అక్కకూ నేను చెప్పేది చివరికి ఒకే మాట. పాలు ఉంచుకోండి, పంచదార తగ్గించండి, ఒళ్ళు వంచి పని చెయ్యండి. తమ్ముడు తిండి కాస్త ఎక్కువ తినాలి, అక్క కాస్త తక్కువ తినాలి. తేడా అంతవరకే.